ఆ ఆరుగురు

"చదవడం రాని ఆ ఆరుగురినీ రేపు రావద్దని చెప్పేద్దాం మేడమ్" అన్నాడు లెక్కల మాస్టారు. "కడుపునొప్పో, కాలు బెణికిందో, వాళ్ళ అమ్మలే ఏదో ఒకటి చెప్పుకుంటారు. మిగతావాళ్ళ మార్కులతో గట్టెక్కేస్తాం."

స్టాఫ్ రూములో ఎవరూ కాదనలేదు. రేపే ఏడాది చివరి పరీక్ష. పై ఆఫీసు మనుషులొచ్చి దగ్గరుండి రాయిస్తారు. ఈసారి కూడా మార్కులు తగ్గితే బడి మూసేస్తామని కిందటేడే చెప్పి వెళ్ళారు. మూసేస్తే టీచర్లు తలో దిక్కు పోవాల్సిందే.

పెద్ద మేడమ్ టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఆరుగురూ వస్తారు, ఆరుగురూ రాస్తారు. ఇప్పుడు కూడా వరండాలోనే ఉన్నారు, నేనే ఉండమన్నాను. ముగ్గురూ తలా ఇద్దర్ని పట్టుకుని కాసేపు చదివించండి."

"ఇల్లు కాలుతుంటే ఇప్పుడు బావి తవ్వమంటారా?"

"తవ్వండి మాస్టారూ. పలుగు పట్టడం మీకు అలవాటు లేదు గానీ, నేర్చుకుందురు."

ఒకటో క్లాసు టీచరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

"నవ్వులకేం గానీ మేడమ్, ఈమధ్య మీదంతా ఒకటే పాట. బాగా చదివేవాళ్ళని ఇంకాస్త రుద్దితే నాలుగు మార్కులొస్తాయి. మీరేమో వాళ్ళనొదిలేసి ఈ మొద్దుల వెంట పడమంటారు. బడి నిలబడాలనుకునేవాళ్ళు చేసే పనేనా ఇది?"

"వరండాలోకి పదండి" అంది పెద్ద మేడమ్.

రెండో క్లాసు టీచరు మనసు ఇంటి మీదే ఉంది. ఇంట్లో పాలు మరవని పిల్ల. చూసుకునే అత్తగారికి చూపు ఆనదు. తనని ఏ మూలకో వేస్తే పిల్ల గతేం కాను? రెండు బస్సులు మారి తను ఇల్లు చేరేసరికి పిల్ల నీళ్ళ తొట్టి దగ్గర ఉన్నట్టు అప్పుడే కళ్ళకి కట్టింది. తల విదిలించుకుని వెళ్ళి చింపిరి ఎదురుగా కూర్చుంది.

తల ఎప్పుడూ దువ్వి ఉండదని ఆ పిల్లని అందరూ చింపిరి అనే పిలుస్తారు. రెండేళ్ళుగా రెండో క్లాసే. దాని పక్కన ఇంకొకడు, పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని బడి గేటు వంక చూస్తున్నాడు.

"ఎదురుగా కూర్చోకమ్మాయ్" అంది పెద్ద మేడమ్ వెనకనించి. "ఎదురుగా కూర్చుంటే అది పుస్తకం చూడదు, నీ మొహం చూస్తుంది. నీ మొహంలో ఏముందో నాకే కనిపిస్తోంది, దానికి కనిపించదా? పక్కకి రా. మాట మీద చెయ్యి పెట్టి ఒక్కో అక్షరమే కనపడనివ్వు. అది ఆగినచోట నువ్వూ ఆగు. అందించకు."

టీచరు పక్కకి జరిగింది. చెయ్యి కొంచెం కొంచెం తీసింది.

"మే... క. మేక." చింపిరి ముక్కు ఎగపీల్చింది. "గో... డ. గోడ. ఎ..."

అక్కడ ఆగింది. టీచరూ ఆగింది. చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది. అవతల మాస్టారి గొంతు లేస్తోంది. ఆయనకి దొరికినవాళ్ళలో ఒకడు ఏడుస్తున్నాడు, ఇంకొకడు వాడి ఏడుపు చూస్తూ కూర్చున్నాడు.

"ఎక్... కింది. ఎక్కింది." చింపిరి తలెత్తింది. "మేక గోడెందుకెక్కింది టీచర్?"

రెండేళ్ళలో ఆ పిల్ల పుస్తకాన్ని పట్టుకుని ఏదన్నా అడగడం ఇదే మొదలు.

"కింది వాక్యంలో ఉంటుంది. చదువు."

కింది వాక్యం పూర్తి కాలేదు. రెండో మాటలోనే ఒత్తు దగ్గర చిక్కుకుపోయింది, ఎంతకీ కదల్లేదు. ఎండ వరండా దాటి గోడెక్కింది. పిల్లలు సంచులు సర్దుకున్నారు. మాస్టారు చేతులు దులుపుకుంటూ, "ఏం టీచర్, మేక దిగిందా?" అని అడిగి సైకిల్ దగ్గరికి పోయాడు.

టీచరు లెక్కేసుకుంది. ఒక్క వాక్యానికి ఇంతసేపు పడితే, రేపటి పేపరు నిండా ఉన్న వాక్యాలకి? ఆరుగురికీ సున్నాలే. ఆ సున్నాలు ఆరూ కలిసి బడిని ముంచేస్తాయి. ఆవిడ కాళ్ళు ఇంటివైపు నడవలేదు, పెద్ద మేడమ్ గదిలోకి నడిచాయి.

"మేడమ్, మీ మాట కాదనలేక చేశాను. చింపిరి ఒక్క వాక్యం చదివింది. మిగతావాళ్ళు అదీ లేదు."

"చదివిందా?" పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచింది. "దాని అంతట అదే?"

"చదివింది. కానీ దానికి ఇంకా నెలలు పట్టేట్టుంది. రేపొక్కరోజు వాళ్ళని ఇంట్లో ఉండనివ్వండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. బడి పోతే నా పిల్లని చూసే దిక్కులేదు."

పెద్ద మేడమ్ తలుపు దగ్గరగా వేసింది.

"పరీక్ష అయ్యాక సెలవులిచ్చేదాకా కూడా వాళ్ళ పక్కన కూర్చోవాలి నువ్వు. కూర్చుంటావా?"

"కూర్చుంటాను. మరి రేపు..."

"నీకొక్కదానికే చెప్తున్నాను. మిగతా ఇద్దరు టీచర్లతో అనకు, అన్నావంటే రేపు పొద్దున్నించే బదిలీల వెంట తిరుగుతారు, పిల్లల దగ్గర ఒక్కరూ ఉండరు" అంది పెద్ద మేడమ్, గొంతు తగ్గించి. "బడి మూసెయ్యమని పై ఆఫీసువాళ్ళు పోయిన నెలలోనే చెప్పేశారమ్మా. మన పిల్లల్ని తీసుకునే బడివాళ్ళు, చదవడం రానివాళ్ళని మాత్రం చేర్చుకునేది లేదన్నారు."