గంప కింది మల్లె

గంప కింద ఏముందో నాగలక్ష్మమ్మ చూసిందంటే కల్లూరులో మళ్లీ ఇల్లు వెతుక్కోవాల్సిందే.

తనూజ మిద్దె మీద గంపకు అడ్డంగా నిలబడింది. పెళ్లి గాజులు చప్పుడు చేస్తాయేమోనని చేతులు కూడా కదపలేదు. కింద ఇంటామె గొంతు వీధికంతా వినిపిస్తోంది.

"నా గుండుమల్లె కొమ్మ కోసినోళ్ల చేతులు ఇరిగిపోను! దొరకాల నాకు, అప్పుడు చెప్తా!"

ఇదంతా పెయింటు బకెట్లతో మొదలైంది. పై వాటాలో కాపురం పెట్టిన కొత్తల్లో చంద్ర ఎక్కడినుంచో ఖాళీ బకెట్లు తెచ్చి, అడుగున మేకుతో బెజ్జాలు పొడిచాడు. తనూజ ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి నింపింది. పెద్ద బకెట్ మీద ఇద్దరి పేర్లూ రాసింది. ముక్కుకు మట్టి అంటుకున్న ఫొటో అమ్మకు పంపింది. మెంతులు తలెత్తిన రోజు, ఆఫీసులో ఉన్న మొగుడికి వీడియో కాల్ చేసి మరీ చూపించింది.

ఆ సంబరం ఎండ ముందు నిలవలేదు. మెంతికూర మాడింది. నర్సరీలో కొన్న గులాబీ ఎండింది. నీళ్లు ఎక్కువై టమాటా నారు కుళ్లింది.

నాగలక్ష్మమ్మ బట్టలు ఆరేయడానికి వచ్చినప్పుడల్లా బకెట్లను ఒకసారి, తనూజను ఒకసారి చూసేది.

"మొక్కా లేదు, మోడూ లేదు. ఉత్త మట్టికి నీళ్లు పోసి నా స్లాబు నానబెడతాండావు. వానలు పడేలోగా ఒక్కటన్నా పచ్చగా కనపడకుంటే ఇయ్యన్నీ కిందికి దించాల, పాపా."

ఆమె పెరట్లో గుండుమల్లె మాత్రం విరగబూసేది. సాయంత్రమైతే వాసన మిద్దె దాకా ఎక్కేది. ఉండబట్టలేక తనూజ ఒక్క కొమ్మ అడిగింది.

"ఇయ్యను."

అంతే. ఎందుకని కూడా చెప్పలేదు.

మర్నాడు చూస్తే పొదలో ఒక కొమ్మను నేలకు వంచి, మధ్యలో మట్టి కప్పి, దాని మీద ఇటుక పెట్టి ఉంది.

"నువ్వు కోస్తావని గుర్తు పెట్టుకుందేమో," అని నవ్వాడు చంద్ర.

తనూజకు నవ్వు రాలేదు. అంత అనుమానమా! ఆ కచ్చతోనే, పాలు పోసే ఓబులమ్మ దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

"అడిగి తెచ్చుకున్న మల్లె యాడన్నా బతుకుతాదా పాపా? దొంగతనంగా తెచ్చుకోవాల. చెట్టు గలామె తిడితే ఇంకా ఏపుగా వస్తాది."

"డిగ్రీ చదివాను ఓబులక్కా. ఇలాంటివి నమ్మను."

"నమ్మొద్దులే. ఆ ఇటుక కింది కొమ్మయితే నీళ్లతొట్టి చాటున ఉండాది. ఎవురికీ కనపడదు. ఊరికే చెప్తాండా."

నమ్మలేదు. కానీ ఎన్ని వారాలు గడిచినా ఆ ఇటుక మాత్రం తనూజ కళ్లముందు నుంచి పోలేదు.

ఆకాశంలో మబ్బులు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున నాగలక్ష్మమ్మ వాకిట్లో నిలబడి కేకేసింది. "అహోబిలం పోతాండా. మాపటికి గానీ రాను. పెరటి తలుపు తాళం యాడ పెట్టినానో కనపడలే. ఎవురూ నా మల్లెచెట్టు జోలికి పోవద్దు!"

అంత గట్టిగా ఎందుకు చెప్పింది?

తనూజ పిల్లిలా పెరట్లోకి దిగింది. తొట్టి గట్టు మీద కొడవలి పెట్టి ఉంది. పొద మొదట్లో మట్టి అప్పుడే తడిపినట్టు మెత్తగా ఉంది. ఇది ఉచ్చు కాదు కదా? కిటికీలన్నీ పరికించింది. గోడకు చెవి ఆనించి విన్నది. ఆఖరికి ఇటుక జరిపి, కొమ్మ కోసి, కొంగులో చుట్టుకుని మెట్ల మీద పరుగు తీసింది.

"ఏమండీ, చూడండి! కొమ్మకు వేళ్లు కూడా వచ్చేశాయి! మన అదృష్టం!"

చంద్ర మొహం పాలిపోయింది. "దొంగతనమా తనూ? ఆమె కనిపెడితే?"

అయినా తనూజ దాన్ని ఒక బకెట్‌లో నాటి, పైన గంప బోర్లించింది. ఇదిగో, ఊరి నుంచి తిరిగొచ్చిన ఆమె ఇప్పుడు తిట్టుకుంటూ మెట్లెక్కి రానే వచ్చింది.

"ఆ గంప కింద ఏముంది పాపా?"

"వ... వడియాలు, పెద్దమ్మా."

"గంప కింద ఎండ యాడ తగులుతాది?"

నాగలక్ష్మమ్మ గంపను చూసింది. తనూజ గోళ్లలో ఇరుక్కున్న ఎర్రమట్టిని చూసింది. చాలాసేపు చూసింది.

"కొత్త వడియాలు ఎండకు తట్టుకోలేవు. పొద్దున రవ్వంత సేపు గంప తీయి. మధ్యాన్నం మళ్లా మూతెయ్యి."

దిగిపోయింది. బతికిపోయానురా దేవుడా అనుకుని, తనూజ అక్షరాలా అలాగే చేసింది.

కింద తిట్లు ఆగలేదు. రోజూ పొద్దున్నే పాలవేళకు మొదలయ్యేవి. ఒక్కో తిట్టుకు ఒక్కో చిగురు వేసినట్టు, పైన మల్లె పెరిగింది. వానలు పడేనాటికి గంప కింద పట్టలేదు. తొలి మొగ్గ విచ్చిన రోజు తనూజ దాన్ని జడలో తురుముకుని, పైన చున్నీ కప్పుకుని పాలకు దిగింది.

నాగలక్ష్మమ్మ ముక్కు ఎగబీల్చింది.

"యాడివి మల్లెలు?"

"మా ఆయన... బజార్లో తెచ్చాడు."

"ఊఁ."

ఆ "ఊఁ"కు తనూజ పాలగిన్నె తొణుకుతున్నా ఆగకుండా పైకి పరుగెత్తింది.

పై తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాక నాగలక్ష్మమ్మ గొంతు తగ్గించి ఓబులమ్మతో అంది: "దొంగిలించుకొమ్మని నీ నోట చెప్పిచ్చింది నేనేనని ఆ పాపకు ఎప్పటికీ తెలీనియ్యొద్దు మే, తెలిసిందంటే అది ఇచ్చిన కొమ్మ అయిపోతాది."