పడవకి పళ్ళొచ్చాయి

"ఛీ ఛీ! ఇవి పళ్ళురా!"

అక్క చెయ్యి విదిలించుకుని వెనక్కి గెంతింది. అంతవరకూ కొత్త రంగు ఎలా పట్టిందో అని ముచ్చటగా నిమిరిన చెయ్యి అది. కొంగుకి తుడుచుకుంది. తుడిచాక ఆ కొంగు మీద కూడా రోత పుట్టి, దాన్ని ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుంది.

బల్ల మీద ఉన్నది నాన్న పడవ. ఆయన సరంగుగా నడిపిన లాంచీకి నమూనాగా సొంత చేత్తో చెక్కుకున్నది. అడుగు చెక్క గట్టిదే కాని, పైన గదులూ మెట్లూ ఏనాడో విరిగిపోయాయి. కట్టుడు పళ్ళు చేసి బతికే తమ్ముడు వాటన్నిటినీ మళ్ళీ మొదట్నుంచీ కట్టుకొచ్చాడు. పనికి వంక పెట్టడానికి లేదు. ఎటొచ్చీ పైఅంతస్తు ముందు, సరంగు నిలబడే చోట, వంపు చుట్టూ పడిపోకుండా పట్టుకునే కమ్మీ ఒక్కటే. గులాబీరంగు చిగుళ్ళు, వాటి మీద వరసగా పళ్ళు. పడవ ఇకిలిస్తున్నట్టుంది.

"ఒరేయ్, ఇలా రా!"

తమ్ముడు చేతులకంటిన ప్లాస్టర్ పిండి దులుపుకుంటూ వచ్చాడు.

"ఎవడి నోట్లోంచి ఊడబెరికావురా ఇవి?"

"ఏవక్కా?"

"ఏవక్కాట! ఆ గార చూడు. చుట్ట కంపు కూడానూ. ఏ ముదనష్టపు ముసలాడి ఎంగిలో తెచ్చి నాన్న పడవకి అంటగడతావా?"

తమ్ముడు వంగి చూశాడు. "నేను పెట్టలేదక్కా. గది, పొగగొట్టం, మెట్లు... అంతవరకే నా పని. కమ్మీకని వెదురు పుల్లలు చీల్చి ఆరబెట్టాను, అవిగో."

"మరి పడవకి వాటంతటవే మొలిచాయా? ఇవి పాలపళ్ళా, జ్ఞానదంతాలా?"

అతను నవ్వబోయి, అక్క మొహం చూసి మింగేశాడు.

ఆమెకి నవ్వొచ్చే వేళ కాదది. బయట కారు ఆగి ఉంది. "నా పడవ పైభాగం పూర్తయిన రోజున నీ వెంట వచ్చేస్తానమ్మా," అని నాన్న మాటిచ్చాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తక్కువ పడుతూనే ఉంది. ఈ పిండి దుమ్ము, ఈ మైనం పొగ, అలమార నిండా నోళ్ళు తెరుచుకుని చూసే ఈ దవడలు! వీటి మధ్య ఆయన దగ్గుతూ కూర్చుంటే తనకక్కడ అన్నం సయించడం లేదు. ఇవాళ కూడా పడవ పూర్తి కాలేదంటే ఆయన గడప దాటడు.

"పీకి పారెయ్. ఆ పుల్లలే అతికించు."

తమ్ముడు పట్టకారుతో పట్టి లాగాడు. పైఅంతస్తు కిర్రుమంది.

"రాదక్కా. నా బంకే వాడారు. ఇంకాస్త లాగితే గదులన్నీ ఊడొస్తాయి." అంటూనే చివరి దంతం దగ్గర తను చెక్కిన గుర్తు మీద చూపు ఆపాడు. గొంతు తగ్గించి అన్నాడు: "ఈ సెట్టు నేను కట్టిందే."

"కట్టించుకున్న మహానుభావుడెవరో చెప్పు. వెళ్ళి మొహం వాచేలా చీవాట్లు పెట్టి వస్తాను."

తమ్ముడు లోపలి గది వైపు చూశాడు.

నాన్న వస్తున్నాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్రయాణానికి ముస్తాబయ్యే ఉన్నాడు. తుమ్మొచ్చేవాడిలా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"చూడు నాన్నా, నీ పడవకి ఎవరో..."

ఆయన తువ్వాలు తీశాడు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"పడవ పూర్తయిందమ్మా, ఆడిన మాట తప్పలేదు," అన్నాడు, సగం మాటలు గాలికి పోతుంటే. "కాని ఇప్పుడు వీడు నాకు కొత్త పళ్ళు కట్టాలి. వీడి నిదానం నీకు తెలుసుగా!"