మస్కట్ పీపాల గది

మా తమ్ముడు జగదీష్‌కి కాలిఫోర్నియాలో ద్రాక్షతోట ఉంది. వేల ఏళ్ల నాటి మస్కట్ జాతి పళ్లను వడియాల్లా చాపల మీద ఎండబెట్టి, భోజనం చివర తాగే తియ్యటి వైను చేస్తాడు. ఈ ఏటి రసం నేలమాళిగలోని పీపాల్లో నాలుగు రోజులుగా పులిసి పొంగుతోంది.

తొలి రసం దగ్గర దీపం పెడదామన్నది నేనే. ముగ్గు వేయమని మరదలు రేణును ముందుగా కిందికి పంపిందీ నేనే.

సగం మెట్లు దిగేసరికి నా చేతిలో దీపం ఆరిపోయింది. గాలి కదలిక లేదు. వెలిగించి మళ్లీ దిగాను. అదే మెట్టు మీద మళ్లీ ఆరిపోయింది. రేణును పిలిచాను. పలకలేదు. నాకు తల తిరిగింది. పైకి వచ్చేశాను.

"ఏంటక్కా, అపశకునమా? పీపాలకి నీ దేవుడు నచ్చలేదేమో," అని జగదీష్ నవ్వాడు.

"పాత బావిలోకి మనిషిని దించేముందు నాన్న లాంతరు దించేవాడు, గుర్తుందా? అది ఆరిపోతే ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు."

వాడి నవ్వు ఆగింది. "లోపల రేణు ఉందక్కా. జరుగు."

"పొంగే రసం వదిలిన విషగాలిరా అది. దిగితే నువ్వూ పడిపోతావు."

"జరగమంటున్నానా."

గడప మీద అడ్డంగా కూర్చుని అత్యవసర సాయం కోసం 911కి ఫోన్ చేశాను. లోపల ఎంతమంది ఉన్నారని అడిగారు.

వాడు నా భుజం పట్టి లాగుతున్నాడు.

"ఒక్కరే," అన్నాను. "రెండోవాళ్లను దిగనివ్వను."