నాలుగో సీజన్ మీద తగువు

“చచ్చినవాడు చచ్చినట్టే ఉండాల్రా! నాలుగో సీజన్‌లో లేపి నిలబెడితే అది కథ ఎట్టా అవుద్ది? చెత్త!” ప్రేమ్‌చంద్ బల్ల గుద్ది మరీ చెప్పాడు.

ఆ తొమ్మిదో తరగతి రెండు ముక్కలై నెల దాటింది. తగువంతా సాయంత్రం ఆరింటికి టీవీలో తెలుగులో వచ్చే జపాన్ బొమ్మల సీరియల్ ‘నీలి కవచం’ గురించే. మొదటి సీజన్‌లో అగ్నిపర్వతంలో పడి చచ్చిపోయిన హీరో తండ్రి ఇప్పుడు ముసుగేసుకుని తిరుగుతున్నాడు. ఆదివారం ముసుగు తీస్తాడట. సత్తెనపల్లి పిల్లల్లో సగంమంది చప్పట్లు కొడుతుంటే, తక్కిన సగం శాపనార్థాలు పెడుతున్నారు.

శ్యామ్ సుందర్ చప్పట్ల జట్టు. వాళ్ళ నాన్న క్రీస్తుదాసు మాస్టారికి దర్శి నుంచి బదిలీ అయితే జూన్‌లో ఈ బడికొచ్చాడు. అమెరికా వాళ్ళూ జపాన్ వాళ్ళూ కూడా ఈ సీజన్ బాగుందన్నారని నెట్ సెంటర్లో ప్రింటు తీయించి తెచ్చి చూపించాడు. ప్రేమ్‌చంద్ చదవకుండానే మడిచి చేతిలో పెట్టేశాడు.

చేరిన రోజు బెంచీ మీద జరిగి చోటిచ్చింది ప్రేమ్‌చందే. అప్పుడు వాడిది నున్నటి గుండు. “కోటప్పకొండ మొక్కు,” అన్నాడు. ఇప్పుడిప్పుడే జుట్టు దువ్వెనకి అందుతోంది. కొత్త ఊళ్ళో శ్యామ్‌కి ఉన్న స్నేహితుడు వాడొక్కడే. అందుకే వాడి సంగతి ముల్లులా గుచ్చుకుంటోంది. బడిలో అంతంత మాటలనే మనిషి, ఇంటికెళ్ళేసరికి ప్లేటు ఫిరాయిస్తాడు.

శ్యామ్ రోజూ వాళ్ళింట్లోనే సీరియల్ చూసేవాడు. ప్రేమ్‌చంద్ వాళ్ళమ్మ వెంకటేశ్వరమ్మ చాటలో మిరపకాయలు పోసుకుని, తొడిమలు తీస్తూ తనూ చూసేది. నుదుట రూపాయి కాసంత బొట్టు, తలలో కనకాంబరాలు. ప్రకటనలొస్తే కబుర్లు చెప్పేది.

“మీ అంకుల్ గుంటూరు యార్డుకెళ్ళారు నాయనా. రేటు రాలేదని సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, కాచుక్కూర్చున్నారు. ఇయ్యాలో రేపో వచ్చేస్తారు.”

జూన్‌లోనూ ఆ మాటే, ఆగస్టులోనూ ఆ మాటే. శ్యామ్ ఇంట్లో అడిగితే, “మిరప రైతు రేటు కోసం నెలలు కనిపెట్టుకుని ఉంటాడ్రా,” అన్నారు మాస్టారు. మాస్టారి లెక్క తప్పేం కాదు.

“ఆ ముసుగాయన వాళ్ళ నాన్నేనంటావా?” అని అడిగేదామె కొడుకుని.

“ఆయనేనమ్మా. ఈ సీజనే అన్నిట్లోకీ బాగుంది,” అనేవాడు ఆ బల్ల గుద్దినవాడే!

“నేను మొదట్నుంచీ చెబుతున్నా. మొహం చూపించకుండా గుడ్డ చుట్టి తెస్తే, ఆయనేనని ఎట్టా నమ్ముతాం?”

గుడ్డ చుట్టి తెచ్చిన సీను సీరియల్లో ఉన్నట్టు శ్యామ్‌కి గుర్తులేదు. తను ఏ ఎపిసోడో చూడలేదేమో అనుకున్నాడు.

తరగతిలో యలమంద అనే కుర్రాణ్ణి పక్కకి పిలిచి అడిగాడు. “వాడు బడిలో పులి, ఇంట్లో పిల్లి ఏంట్రా?”

“ఆ ఇంట్లో ఆ గొడవ ఎత్తమాక,” అన్నాడు యలమంద. ఆ వెంటనే జారుకున్నాడు.

అమ్మ దగ్గర మంచివాడనిపించుకోడానికి వీడు నాటకాలాడుతున్నాడని శ్యామ్ తేల్చేసుకున్నాడు. ఉన్న ఒక్క స్నేహితుడూ రెండు నాలుకలవాడైతే ఎవరికైనా బాధే కదా.

ఆదివారం రానే వచ్చింది. టీవీలో ముసుగు తొలగింది. హీరో “నాన్నా!” అని పరిగెత్తుకెళ్ళి కావిలించుకున్నాడు. వెంకటేశ్వరమ్మ చాట పక్కకి నెట్టి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“చూశావా? చూశావా? నేను చెప్పలా!”

“నువ్వే గెలిచావమ్మా,” అన్నాడు ప్రేమ్‌చంద్ నవ్వుతూ.

శ్యామ్‌కి ఒళ్ళు మండిపోయింది. “అబద్ధం ఆంటీ! వీడికీ సీజన్ ఇష్టమే లేదు. చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి, తిరిగి రావడం చెత్త అని బడిలో రోజూ అరుస్తాడు!”

చప్పట్లు ఆగిపోయాయి. ఆమె కొడుకు వంక చూసింది.

“అన్నావా?”

“లేదమ్మా! వీడు ఊరికే కోతలు కోస్తున్నాడు.”

“అనలేదుగా?”

“అమ్మతోడు, అనలేదు.”

ఆమె ఊపిరి పీల్చుకుంది. “అదీ! ఇంత జరిగాక ఇంకా నమ్మకపోతే ఎట్టా? ఉండు, మీ నాన్న కూడా వచ్చే వేళయింది, కంచం కడిగి పెడతా,” అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

ప్రేమ్‌చంద్ శ్యామ్ చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చాడు. కొడతాడేమోనని శ్యామ్ బిగుసుకుపోయాడు. వాడు కొట్టలేదు. గోడకి జేరబడ్డాడు.

“బడిలో అన్నదే నిజంరా. ఆ సీజన్ చెత్తే.”

“మరి అమ్మతోడని ఒట్టెందుకు వేశావ్? ఆమెకి నిజం చెబితే ఏం పోద్ది?”

లోపల కంచం చప్పుడైంది. “ఒరేయ్, మీ నాన్నకి ఆవకాయ వెయ్యనా, మాగాయ వెయ్యనా?” అని కేకేసిందామె.

“ఆవకాయ వెయ్యమ్మా!” అని అరిచాడు ప్రేమ్‌చంద్. ఆ తర్వాత, అరచేత్తో తల నిమురుకుంటూ, శ్యామ్‌కి మాత్రమే వినపడేలా అన్నాడు.

“అప్పటి గుండు మొక్కుది కాదు, మా నాన్నకి తలకొరివి పెట్టింది నేనేరా.”