ఎంగిలి

ఆ కాలానికి బొబ్బిలిలో బడిపిల్లలందరి చెవుల్లోనూ ఇంగ్లీషు గింజలు మొలిచాయి. ఎవరేం మాట్లాడినా గింజ దాన్ని ఇంగ్లీషు చేసి, దొరసాని గొంతుతో వినిపించేది. ఐదో తరగతి దాటేదాకా తియ్యకూడదు. కూతురు రిత్వికకి అమ్మ గొంతే తెలీకుండా పోతోందని పైడితల్లికి బెంగ.

ఒకనాడు ఆ పిల్ల నాకిన చేతిని ఆవకాయ జాడీలో పెట్టబోయింది.

"ఎంగిలే!" అని అరిచింది పైడితల్లి.

గింజ ఆ మాటకి ఇంగ్లీషు వెతికి వెతికి, దొరక్క, ఉన్నదున్నట్టు వదిలేసింది.

పిల్ల నోరు తెరిచింది. "మమ్మీ, ఈజ్ దట్ యూ?"

"నేనేనే, నా తల్లీ!" అంది పైడితల్లి. అది మళ్ళీ దొరసాని గొంతే అయిపోయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎంగిలి కాని గ్లాసు లేదు, గరిటె లేదు, ఆఖరికి గోడ గడియారం కూడా లేదు. పిల్ల నాకడం, తల్లి వీధంతా వినబడేలా "ఎంగిలే!" అని మురిసిపోతూ తిట్టడం.