తెర వెనక సింఫనీ

చినబాబుకి సంగీతానికి కావలసినవన్నీ ఉన్నాయి, ఒక్క సంగీతం తప్ప.

తాతగారు కట్టించిన కచేరీ హాలుంది. నాన్న జీతాలిచ్చి పోషిస్తున్న ఎనభై మంది ఆర్కెస్ట్రా ఉంది. ఏం వాయించినా ఆహా ఓహో అని రాయడానికి మేనమామ పత్రిక ఉంది. ముందుగదిలో నల్లగా నిగనిగలాడే పియానో ఉంది. దాని ముందు కూర్చుంటే మాత్రం ఒక్క బాణీ తట్టి చావదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది అతగాడి పరిస్థితి.

ఆ పియానోని శ్రుతి చెయ్యడానికి నెలకోసారి ఓ ముసలాయన వచ్చేవాడు. వంటమనిషి దగ్గర్నుంచి యజమాని దాకా అందరికీ ఆయన శ్రుతితాతే. తీగలన్నీ బిగించాక, సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి ఏదో ఒకటి వాయించి వెళ్లేవాడు. ఓసారి పక్కగదిలోంచి చినబాబు అది విన్నాడు. ఒళ్లు జలదరించింది.

మరుసటి నెల తాత వచ్చేసరికి చినబాబు కిటికీ తెర వెనక ఉన్నాడు, చేతిలో కాగితం, పెన్సిలుతో.

అలా మూడేళ్లు గడిచాయి. తాతది పాపం మతిమరుపు. వాయించిన ముక్కే మళ్లీ వాయించేవాడు, అదీ నత్తనడకన. పైగా "ఇక్కడ ఫ్లూట్లు... ఇక్కడ వయొలిన్లు..." అంటూ తనలో తనే గొణుక్కునేవాడు. ముసలి చాదస్తం అని నవ్వుకుంటూ చినబాబు అదీ రాసేసుకునేవాడు. ఒకనాడు తెర దుమ్ముకి గట్టిగా తుమ్మాడు కూడా. తాత తల తిప్పలేదు. బతికిపోయాననుకున్నాడు.

"నువ్వే ఓ సింఫనీ రాయొచ్చుగా తాతా?" అని మాటవరసకి అడిగి చూశాడొకసారి.

"రాస్తే సరిపోతుందా బాబూ? వాయించేవాళ్లెవరు? మా ఇంట్లో నేనూ మా ఆవిడా, ఇద్దరమే."

చినబాబు మనసు కుదుటపడింది.

సింఫనీ పూర్తయింది. ఊరంతా పోస్టర్లు వెలిశాయి. ఆదివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. వేదిక పక్కనుంచి తొంగిచూసిన చినబాబు చటుక్కున వెనక్కి తగ్గాడు. మొదటి వరసలో ఇస్త్రీ చొక్కాతో శ్రుతితాత, పక్కనే వాళ్లావిడ!

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. ఇన్నాళ్లూ దొరే. ఇప్పుడీ ముసలాయన లేచి "ఇది నాది" అని అరిస్తే మూడు తరాల పరువు గంగలో కలుస్తుంది.

నాలుగు భాగాలూ అయ్యాయి. ఎవరూ అరవలేదు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తాత ఒక్కడే లేవలేదు. తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. ఇక అయిపోయింది అనుకున్నాడు చినబాబు.

జనం పలచబడ్డాక తాత తిన్నగా అతని దగ్గరికే వచ్చాడు.

"తాతా... అది... నేను..." చినబాబు నసిగాడు.

తాత అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నేననుకున్నదానికన్నా బాగా వాయించారు బాబూ, మూడో భాగంలో మాత్రం మీరు తుమ్మిన చోట నాలుగు స్వరాలు జారిపోయాయి, వచ్చే నెల రెండో సింఫనీ మొదలుపెడుతున్నాను కాబట్టి ఈసారి ఆ తెర దులిపించి, వెనక ఓ కుర్చీ వేయించుకోండి."