గోడవతల అడుగులు

ఊరంతా బంద్. బందూకులు మోగుతున్నది ఒక్కచోటే, జనగామలో వీరేశం నెట్ సెంటర్లో.

సకల జనుల సమ్మె ఇరవయ్యో రోజు. వీరేశం సమ్మెకు సగం, సొమ్ముకు సగం అన్నట్టు షట్టరు సగమే దించాడు.

లోపల కుర్రాళ్లు ఆన్‌లైన్లో తుపాకుల ఆట పోటీకి కూర్చోవాలి. హైదరాబాద్ జట్టుతో సెమీఫైనల్. ఐదుగురు కావాలి, నలుగురే ఉన్నారు. ఐదోవాడు రోడ్డు మీద వంటావార్పులో గరిటె తిప్పుతున్నాడు.

"ఆడకుంటే ఓడినట్టే రాస్తరు సేటూ," అన్నాడు జట్టు నాయకుడు ఆకాష్.

మూలనున్న దుర్గయ్య లేచాడు. భూపాలపల్లి నుంచి అక్క ఇంటికొచ్చి, బస్సులు బందై చిక్కుకుపోయిన నడివయసు మనిషి. పొద్దుపోక వారంగా ఇక్కడే ఈ ఆట నేర్చుకుంటున్నాడు. ఏం పని చేస్తాడో ఎవరూ అడగలేదు. సమ్మెలో అందరి పనీ ఒకటే కదా.

"నేను కూసుంట తమ్మీ."

"కాకా, నీకు మౌస్ పట్టుడే సక్కగ రాదు."

"ఎలుకను పట్టనోడు పులినేం కొడతడనా? జర సూడు."

ఆట మొదలైంది. దుర్గయ్య హెడ్‌ఫోన్ బిగించి కళ్లు మూసుకున్నాడు. తెరిచినప్పుడల్లా గోడకు గురిపెట్టి కాల్చాడు.

గోడ చీల్చుకుపోయిన తూటాకు అవతల మనిషి పడ్డాడు.

మళ్లీ గోడ. మళ్లీ మనిషి.

జనగామ గెలిచింది. కేకలు ఆగకముందే తెర మీద పోటీ పెట్టినవాళ్ల కబురు వచ్చింది. 'మీలో ఒకరు గోడల వెనుక ఉన్నవాళ్లు కనబడేలా హ్యాకింగ్ చేశారు. అతని ఒప్పుకోలు పంపండి. లేదంటే మీ సెంటర్ మొత్తం మీద నిషేధం.'

ఈ పోటీలు లేకపోతే వీరేశం సెంటర్ గడప తొక్కేవాడు లేడు.

వీరేశం దుర్గయ్య ఆడిన కంప్యూటరంతా గాలించాడు. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకనివ్వలేదంటే ఘరానా దొంగే అనుకున్నాడు.

"నిజం చెప్పు. నువ్వు హ్యాకర్‌వా?"

"ఎకరం భూమి లేనోన్ని, హ్యాకరెట్లయిత సేటూ?"

"మరి గోడెనుక మనిషెట్ల కనబడ్డడు?"

"కనబడలే. ఇనబడ్డడు. అడుగుల సప్పుడు."

కుర్రాళ్లు నవ్వారు.

"మాకు లేవా కాకా చెవులు?"

"ఉన్నయి తమ్మీ. వాటి నిండ మీరు పెట్టుకున్న పాటలు గూడ ఉన్నయి."

వీరేశం నవ్వలేదు. తెల్ల కాగితం ముందుకు తోశాడు.

"మోసం చేసిన అని రాసియ్యి. నువ్వు బయటి మనిషివి, రేపో ఎల్లుండో పోతవు. సెంటర్ పోతే మేం యాడికి పోతం?"

దుర్గయ్య కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"నేనొక్కన్ని పోతే మీరంత మిగుల్తరా?"

"మిగుల్తం."

దుర్గయ్య రాసి, సంతకం పెట్టాడు. షట్టరు కింద నుంచి వంగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

సమ్మె ముగిసింది. బస్సులొచ్చాయి. రాష్ట్రమే రాలేదు.

నెల తర్వాత దుర్గయ్య అక్క రుక్మిణమ్మ వచ్చింది. తమ్ముడి గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టింది.

"ఈ ఫొటో జర పెద్దగ జేసియ్యి సేటూ. ఎల్లుండి వాని దినాలు."

వీరేశం కార్డు చేతిలోకి తీసుకున్నాడు.

"ఏమైందక్కా?"

"బొగ్గుబావిల కప్పు కూలింది. తొమ్మిది మందిని ముందుగాల ఎల్లగొట్టిండు. ఆఖరుకు తానే మిగిలిండు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పేపర్ల గూడ సక్కగ రాలే. గీ నెట్ల వాని పేరు కొడితే ఏమన్న వస్తదా?"

ఏం వస్తుందో వీరేశానికి తెలుసు: పోటీవాళ్లు నెట్లో పెట్టిన మోసగాళ్ల పట్టికలో అతని పేరు. దాన్ని తీసేయమని ఇప్పుడు రాసినా, స్వయంగా ఒప్పుకున్న కాగితం ఉందంటారని కూడా తెలుసు.

"ఏం రాదక్కా," అన్నాడు. కార్డును స్కానర్లో పెడుతూ అడిగాడు. "కప్పు కూలుతదని ఆయనకు ముందుగాల ఎట్ల తెలిసింది?"

"ఇరవై రెండేండ్ల సంది వాని కొలువే గది సేటూ," అంది రుక్మిణమ్మ, "సీకట్ల కట్టెతోని కప్పును తట్టి, ఆ సప్పుడు ఇని, కింద మనుషులు ఉండచ్చో లేదో చెప్పుడు."